కూర్చుని చేసే పనికీ కొలతలు కావాలి

(సర్వసభ్య సమావేశంలో కార్యాలయ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఇప్పటిదాకా పొదుపు లెక్కలు విన్నారు, రికవరీ లెక్కలు విన్నారు, స్త్రీనిధి లెక్కలు విన్నారు. మేము చెప్పబోయేది ఆ లెక్కలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే చోట ఉన్న బల్ల గురించి, కుర్చీ గురించి. వెనక వరసలో ఎవరో నవ్వారు. నవ్వండి, ఫర్వాలేదు. ఈ అంశం ఎజెండాలో పెట్టిన రోజు పాలకవర్గంలో కూడా నవ్వారు. విన్నాక మీరే చెప్పండి.

మన సమాఖ్య ఆఫీసులో మూడేళ్లలో ఇద్దరు కంప్యూటర్ ఆపరేటర్లు మానేశారు. ఒకామె పెళ్లయి వెళ్లిందని, ఇంకొకామెకు ఇంట్లో కుదరలేదని మనందరం అనుకున్నాం. అవి నిజమే. కానీ మానేసేముందు ఇద్దరూ మెడ నొప్పి, చెయ్యి నొప్పి అని చెప్పినవాళ్లే. ఇప్పుడున్న చెల్లి కూడా కిందటి ఏడాది వానాకాలంలో మా దగ్గరకొచ్చి, "అక్కా, సంక్రాంతి దాకా చేస్తాను, తరవాత మానేస్తాను" అంది. ఎందుకమ్మా అంటే కుడిచెయ్యి చూపించింది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కుతున్నాయట. రాత్రి రెండింటికి మెలకువొచ్చి చెయ్యి విదిలించుకుని కూర్చుంటోందట. పొద్దున జడ వేసుకోవాలంటే దువ్వెన జారిపోతోందట. ఆ చెల్లి ఇక్కడే ఉంది. ఆమె సరేనన్నాకే ఈ సంగతి మీ ముందు చెబుతున్నాం.

ఒక ఆపరేటరు మానేస్తే మనకేం నష్టం అంటారేమో. కొత్తమ్మాయికి పని తెలియడానికి కనీసం మూడు నెలలు పడుతుంది. ఆ మూడు నెలల్లో ఒక సంఘం కిస్తీ ఇంకో సంఘం పేరు మీద పడుతుంది. ఆధార్ నంబరులో ఒక అంకె తారుమారవుతుంది. కట్టినవాళ్లు కట్టనట్టు కనపడతారు. సున్నా వడ్డీ డబ్బు రావలసిన సంఘానికి రాదు. బ్యాంకుకు తిరగాల్సింది ఎవరు? కూలి పోగొట్టుకుని మనమే. ఆ చెల్లి మణికట్టుకూ మన పాసు పుస్తకానికీ మధ్య దూరం మీరనుకున్నంత లేదు.

అందుకే ఉపసంఘం నుంచి ముగ్గురం ఆ చెల్లిని తీసుకుని ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు గారు చూసి, ఫిజియోథెరపీ మేడమ్ గారి దగ్గరకు పంపారు. ఆవిడ మందు గురించి మాట్లాడేముందు అడిగిన ప్రశ్న ఏంటంటే, "బల్ల ఎత్తెంత?" మాకు తెలియదు. కుర్చీ ఎత్తెంత? అదీ తెలియదు. "ముందు కొలుచుకుని రండి" అన్నారు. ఆవిడ చెప్పింది, మేము చేసి చూసింది కలిపి ఇప్పుడు చెబుతాం.

అంతకన్నా ముందు ఒక మాటకు జవాబు చెప్పాలి. పాలకవర్గంలో ఒక పెద్దక్క అడిగింది. "మేం పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం దాకా వంగి నాట్లు వేసినవాళ్లం. మాకు ఎవరు కొలతలు తీశారు? ఫ్యాను కింద కూర్చుని చేసే పనికి నొప్పేంటి?" ఆ అక్క అడిగింది తప్పేం కాదు. మనసులో ఉన్నది బయటికి అడిగింది, అంతే. ఇక్కడ చాలామంది మనసులో అదే ఉంటుంది.

నాట్లేసేవాళ్లకు నొప్పి లేదని మేమనం. మనందరి ఇళ్లలో నడుం పట్టేసిన అమ్మలున్నారు, అత్తలున్నారు. ఎవరి నొప్పి పెద్దదని తూకం వేయడానికి మేము రాలేదు. కానీ రెండు పనులకూ తేడా ఉంది. నాట్లలో ఒళ్లంతా కదులుతుంది. అడుగు వెనక్కి పడుతుంది, చెయ్యి ముందుకు వెళుతుంది, కట్ట అందుకుంటాం, గట్టెక్కి నీళ్లు తాగుతాం. సీజను నెలో నెలన్నరో ఉండి అయిపోతుంది. కంప్యూటర్ దగ్గర ఒళ్లు బొమ్మలా ఆగిపోయి ఉంటుంది. కదిలేవి వేళ్లు మాత్రమే. ఆ కొద్దిపాటి కండరాలు, ఆ కొద్దిపాటి నరాలు రోజంతా, ఏడాది పొడుగునా ఒకే పని చేస్తాయి. మెడ, భుజాలు కదలకుండా బిగుసుకుని ఆ చేతుల్ని మోస్తూ ఉంటాయి. బిగుసుకున్న కండరానికి రక్తం సరిగా ఆడదు. నిండు బకెట్టు పట్టుకుని ఉన్నచోటే కదలకుండా నిలబడితే చెయ్యి తొందరగా లాగేస్తుంది. ఒకసారి చేసి చూడండి, తెలుస్తుంది.

మెడ సంగతి బిందె మోసినవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. నెత్తి మీద బిందె ఉన్నప్పుడు మెడ నిటారుగా పెడతాం. అప్పుడు బరువు ఎముకల మీద నిలుస్తుంది. అదే బిందెతో ముందుకు వంగితే మెడ వెనక నరాలన్నీ లాగుతాయి, నాలుగడుగులు కూడా వెయ్యలేం. మన తలకాయే సుమారు 5 కిలోలుంటుంది. స్క్రీను కిందికి ఉంటే ఆ 5 కిలోల బిందెతో రోజూ ఆరు గంటలు వంగి కూర్చున్నట్టే. ఎవరూ నెత్తిన ఏమీ పెట్టలేదు కాబట్టి బరువు మనకు కనపడదు, అంతే.

చేతి తిమ్మిరి సంగతి. మణికట్టు లోపల ఎముకల మధ్య ఒక సన్నని దారి ఉంటుంది. వేళ్లను ఆడించే తాళ్లలాంటివి తొమ్మిది, వాటితో పాటు ఒక నరం ఆ ఇరుకు దారిలోంచే వెళతాయి. మణికట్టు పైకో కిందికో వంచి ఉంచి అదే పనిగా వేళ్లు ఆడిస్తే ఆ తాళ్లు వాచి నరాన్ని నొక్కుతాయి. దీన్నే కార్పల్ టనెల్ అంటారు. ఆ నరం బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలులో సగం దాకా వెళుతుంది. అందుకే తిమ్మిరి ఆ వేళ్లకే వస్తుంది, చిటికెన వేలికి రాదు. ఇది మగవాళ్లకంటే ఆడవాళ్లకు ఎక్కువ వస్తుందని మేడమ్ గారు చెప్పారు. కడుపుతో ఉన్నప్పుడు, షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. టైపు కొట్టినవాళ్లకే వస్తుందని కాదు. కానీ ఉన్న తిమ్మిరిని బల్ల ఎత్తు పెంచి పెద్దది చేస్తుంది.

ఇప్పుడు కొలతల దగ్గరకు వస్తాం. ఇందుకు ఇంజినీరు అక్కర్లేదు. ప్రతి సంఘంలో ఒక టైలరక్క ఉంటుంది, ఆమె మెడలో టేపు ఉంటుంది. ఒకరి కొలతల జాకెట్టు ఇంకొకరికి పట్టదని మనందరికీ తెలుసు. గంటసేపు పెళ్లికి తొడుక్కునే జాకెట్టుకు అన్ని కొలతలిస్తాం. రోజూ ఆరు గంటలు కూర్చునే కుర్చీకి ఒక్కటీ ఇవ్వం.

మేము ఆ చెల్లిని కుర్చీలో కూర్చోబెట్టి కొలిచాం. ఆమె ఎత్తు 5 అడుగులు. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు దాదాపు అంతే. నేల నుంచి మోకాలి వెనక మడత దాకా 15 అంగుళాలు వచ్చింది. అంటే ఆమెకు సరిపోయే కుర్చీ ఎత్తు అది. మన ప్లాస్టిక్ కుర్చీ 17 అంగుళాలుంది. కాబట్టి పాదాలు సగమే నేలను తాకుతున్నాయి, మునివేళ్ల మీద నిలబడినట్టుగా. ఆ కుర్చీలో కూర్చుని భుజాలు వదులుగా వదిలేసి మోచెయ్యి మడిస్తే, నేల నుంచి మోచెయ్యి దాకా 25 అంగుళాలన్నర. కీబోర్డు ఆ ఎత్తులో, వీలైతే కాస్త కిందగా ఉండాలి. మన బల్ల ఎంతుందో తెలుసా? 30 అంగుళాలు. పైన కీబోర్డు మందం ఇంకో అంగుళం. అంటే రోజంతా ఆమె భుజాలు అయిదారు అంగుళాలు పైకెత్తుకుని, మణికట్లు బల్ల అంచు మీద వంచుకుని టైపు కొడుతోంది. ఒక్క అయిదు నిమిషాలు భుజాలు చెవుల దాకా ఎగరేసి కూర్చోండి, ఇక్కడే. ఎలా ఉందో మీకే తెలుస్తుంది.

ఆ బల్ల చెడ్డ బల్లేం కాదు. పొడుగాటి మగ గుమస్తా వాలి పెన్నుతో రాసుకోవడానికి చేసిన ఎత్తది. రాసే బల్ల మీద కంప్యూటర్ తెచ్చి పెట్టారు. మన ఆఫీసులోనే కాదు, దాదాపు అన్ని ఆఫీసుల్లోనూ ఇదే కథ.

ఏం చేశామంటే, ఆ బల్ల సమాఖ్య సొంతం కాబట్టి వడ్రంగిని పిలిచి కాళ్లు 5 అంగుళాలు కోయించాం. సొరుగు మోకాళ్లకు తగులుతుంటే తీసేశాం. పాదాల కింద 2 అంగుళాల చెక్క వేశాం. కీబోర్డు వెనక రెండు చిన్న కాళ్లుంటాయి, అవి లేపి ఉంటే మణికట్టు పైకి వంగుతుంది. వాటిని మడిచేశాం. మీ బల్ల కొయ్యడానికి వీలు లేనిదైతే, లేదా అదే బల్ల మీద పొడుగాటి మనిషి కూడా పనిచేస్తుంటే, కొయ్యొద్దు. మనిషిని పైకి లేపండి. కుర్చీ మీద దిండ్లు వేసి మోచెయ్యి బల్లకు సమంగా వచ్చేదాకా ఎత్తండి, అప్పుడు కాళ్లు గాల్లో వేలాడతాయి కాబట్టి కింద పీట వెయ్యండి. పీట మర్చిపోతే తొడల కింద అంచు ఒత్తుకుని కాళ్లు తిమ్మిరెక్కుతాయి.

కుర్చీ లోతు కూడా చూడాలి. పొట్టివాళ్లు పెద్ద కుర్చీలో వెనక్కి ఆనుకుంటే మోకాళ్ల వెనక అంచు గుచ్చుకుంటుంది. అందుకని ముందుకు జరిగి కూర్చుంటారు, వీపు గాల్లో ఉంటుంది. నడుము వంపు దగ్గర ఒక చిన్న దిండు పెడితే ఆనడానికి దొరుకుతుంది. మోకాలి మడతకూ కుర్చీ అంచుకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. మేమైతే చెల్లి వాళ్ల అమ్మ కుట్టిన బూరుగు దూది దిండు పెట్టాం. కొన్నదానికంటే బాగుంది.

తరవాత స్క్రీను. దాని పై అంచు కంటికి సమంగానో, కొంచెం కిందగానో ఉండాలి. బల్ల తగ్గించాక స్క్రీను కూడా కిందికి పోయింది. దాని కింద రెండు పాత క్యాష్ బుక్కులు పెట్టాం. డ్వాక్రా రోజుల్లో చేత్తో రాసుకున్నవి, ఇప్పటికీ మనల్ని మోస్తున్నాయి. దూరం ఎంతంటే, కుర్చీలో ఆనుకుని చెయ్యి చాపితే వేలి కొస స్క్రీనుకు తగలాలి. నలభై దాటి రెండు చూపుల కళ్లద్దాలు పెట్టుకున్న అక్కలకు మాత్రం ఇది వేరు. వాళ్లు కింది అద్దంలోంచి చూడాలని గడ్డం పైకెత్తుతారు, మెడ వెనక్కి విరుగుతుంది. వాళ్లకు స్క్రీను ఇంకా కిందికి దించాలి. లాప్‌టాప్ అయితే ఒక చిక్కుంది. స్క్రీను ఎత్తితే కీబోర్డు కూడా ఎత్తుకు పోతుంది. దాని కింద ఇటుకలో పుస్తకాలో పెట్టి ఎత్తి, వేరే కీబోర్డు, మౌసు తగిలించుకోవాల్సిందే.

అక్షరాలు చిన్నవిగా ఉంటే ఎంత మంచి కుర్చీలో కూర్చోబెట్టినా మనిషి ముందుకే వంగుతుంది. కంట్రోల్ బటన్ పట్టుకుని ప్లస్ నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి. ఇందుకు రూపాయి ఖర్చు లేదు. ఈ ఒక్కటి చూపించినందుకు ఇద్దరు వీవోఏలు మాకు టీ ఇప్పించారు.

అన్నిటికంటే మాకు బాగా పనికొచ్చింది చెబుతాం. మన పని చూసి రాసే పని. సంఘం పుస్తకం పక్కన పెట్టుకుని, అందులో చూస్తూ ఇందులో కొట్టాలి. పుస్తకం బల్ల మీద ఎడమ పక్కన పరిచి ఉంటుంది. ఒక్కో గీతకు మెడ ఒకసారి ఎడమకు, కిందికి, మళ్లీ పైకి. ఒక సంఘంలో పదిమంది, ఒక గ్రామ సంఘంలో ఇరవై ముప్పై సంఘాలు. మెడ ఎన్నిసార్లు తిరిగిందో మీరే లెక్క కట్టుకోండి. బజార్లో పుస్తకం నిలబెట్టే స్టాండు దొరుకుతుందన్నారు. మా ఉపసంఘంలోని ఒక పెద్దమ్మ, "దానికి డబ్బెందుకు" అని ఇంట్లో రామాయణం చదువుకునే వ్యాసపీఠం తెచ్చింది. మన ముస్లిం అక్కలు దాన్నే రిహల్ అంటారు. దాన్ని కీబోర్డుకూ స్క్రీనుకూ మధ్యలో పెట్టి, పుస్తకం దాని మీద ఏటవాలుగా నిలబెడితే తల తిప్పే పని పోయింది. కళ్లు కిందికి దించితే చాలు. దేవుడి దగ్గర పెట్టేదాన్ని ఆఫీసులో పెడతారా అని ఒకరిద్దరు గొణిగారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "పదిమంది ఆడవాళ్ల డబ్బు లెక్క రాసుకోవడానికి పెడితే దేవుడేమీ అనుకోడు" అంది.

ఇక కుడిచెయ్యి. మన పనిలో అక్షరాల కంటే అంకెలెక్కువ. అంకెల బటన్లు కీబోర్డుకు కుడివైపున ఉంటాయి. మౌసు వాటికి అవతల ఉంటుంది. అంటే అంకెలు కొట్టేదీ కుడిచెయ్యే, ఆ చెయ్యే చాచి మౌసు తిప్పాలి. ఎడమచెయ్యి ఊరికే కూర్చుంటుంది. మేము మౌసుని ఎడమవైపు పెట్టించాం. సెట్టింగుల్లో బటన్లు అటుదిటు మార్చుకోవచ్చు. మొదటి వారం చెల్లి మమ్మల్ని లోపల్లోపల తిట్టుకుని ఉంటుంది. రెండో వారానికి అలవాటైంది. తెలుగు టైపు కొట్టేవాళ్లకు ఇంకోటి ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో క మామూలుగా, ఖ షిఫ్ట్ పట్టుకుని కొట్టాలి. అ, ఆ, ఇ, ఈ లాంటి అచ్చులకూ షిఫ్టే. చిటికెన వేలితో షిఫ్ట్ నొక్కిపెట్టి అదే చేతి ఇంకో వేలితో అక్షరం కొడితే చెయ్యి విరిచినట్టవుతుంది. ఒక చేత్తో షిఫ్ట్, రెండో చేత్తో అక్షరం కొట్టాలి. కంప్యూటర్లో స్టికీ కీస్ అని ఒక ఏర్పాటు ఉంది, షిఫ్ట్ వరసగా అయిదుసార్లు నొక్కితే అడుగుతుంది. అది పెట్టుకుంటే షిఫ్ట్ పట్టుకుని ఉండక్కర్లేదు, ఒకసారి నొక్కి వదిలేస్తే చాలు.

వెలుతురు సంగతి ఒక్క మాటలో. కిటికీ వీపు వెనక ఉంటే స్క్రీను మీద మెరుస్తుంది, ఎదురుగా ఉంటే కళ్లలో పడుతుంది. పక్కకు ఉండాలి. మేము బల్ల తిప్పి, పాత చీర కట్టాం. స్క్రీను చూసేటప్పుడు రెప్పలు వెయ్యడం తగ్గిపోతుంది, అందుకే కళ్లు మండుతాయి. 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమంటారు. మన ఆఫీసు బయట వేపచెట్టు అంత దూరమే.

ఎంత బాగా అమర్చినా అదే పనిగా కూర్చోకూడదు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇక్కడ తప్పు బల్లది కాదు, మన ఏర్పాట్లది. అరగంటకొకసారి లేచి నిలబడాలి, రెండడుగులు వెయ్యాలి. గడియారం చూసుకుని లేవమంటే ఎవరూ లేవరు. అందుకని ఒక సంఘం పుస్తకం అయిపోగానే లేచి, ఆ పుస్తకం బీరువాలో పెట్టి, గ్లాసుడు నీళ్లు తాగి రావాలని అనుకున్నాం. అప్పుడు చెల్లి చిన్నగా చెప్పింది, "అక్కా, నేను ఆఫీసులో నీళ్లు తాగను." ఎందుకు తాగదో మనకు చెప్పక్కర్లేదు. మరుగుదొడ్డి తాళం వేరేచోట ఉంటుంది. తాళం అడగడానికి సిగ్గు. లోపల నీళ్లుండవు. అందుకని పొద్దున పదింటికి వచ్చినామె సాయంత్రం దాకా నీళ్లు తాగదు, లేవదు. ఇలాంటి ఆఫీసులు, బ్యాంకులు, బడులు మీకూ తెలుసు. నిరుడు మహాసభలో మరుగుదొడ్డి మరమ్మతుకు తీర్మానం చేశాం. ఈ ఏడాది ఆ పని పూర్తయింది, తాళంచెవి ఇప్పుడు కంప్యూటర్ గదిలోనే మేకుకు వేలాడుతోంది. అది మెడ నొప్పికి మందని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

రెండోది నెలాఖరు. అన్ని గ్రామ సంఘాల పుస్తకాలు చివరి వారంలో ఒక్కసారిగా వచ్చి పడతాయి. పగలు కరెంటుంటే సర్వరుండదు, సర్వరొచ్చేసరికి పొద్దుపోతుంది. అయిదు రోజులు రాత్రి ఎనిమిది దాకా, పక్కకు కదలకుండా పని. మిగతా మూడు వారాలు కాస్త ఖాళీ. ఇరవై రోజులు పండే దెబ్బ అయిదు రోజుల్లోనే తగులుతుంది. ఏ గ్రామ సంఘం ఏ తేదీన పుస్తకాలు ఇవ్వాలో మేము ఒక పట్టిక వేశాం. 5వ తేదీ నుంచి 25 దాకా రోజుకు ఇన్నని. నాలుగు నెలలుగా ఎక్కువ సంఘాలు పాటిస్తున్నాయి. పాటించనివి ఏవో మేము ఇక్కడ చదవం. వాళ్లకు తెలుసు.

వీవోఏ చెల్లెళ్ల సంగతి చెప్పకపోతే వాళ్లు ఊరుకోరు. వాళ్లకు బల్లే లేదు, ఫోనే ఆఫీసు. మీటింగులో కింద కూర్చుని, ఒళ్లో ఫోను పెట్టుకుని, బొటనవేళ్లతో గంటల తరబడి కొడతారు. తల పూర్తిగా వాలిపోతుంది. ఒళ్లో దిండో పుస్తకాల సంచో పెట్టుకుని మోచేతులు దాని మీద ఆన్చి ఫోను గుండె ఎత్తుకు తెచ్చుకోండి. ఫోను ఎడమచేత పట్టుకుని కుడి చూపుడు వేలితో కొట్టండి, బొటనవేలికి ఒడుపు దొరుకుతుంది. నోటితో చెబితే రాసే మైకు బొమ్మ ఉంటుంది, పేర్లకు, తీర్మానాలకు అది వాడండి. అంకెలకు మాత్రం వద్దు. అరవై అంటే డెబ్బై వేస్తుందని గొడవలయ్యాయి.

ఆ చెల్లి గురించి అడుగుతున్నారు కదా, చెబుతాం. డాక్టరు గారు రాత్రిపూట మణికట్టు వంగకుండా కట్టుకునే పట్టీ ఇచ్చారు. ఇంటి దగ్గర బరువు దుప్పట్లు పిండొద్దన్నారు. చేతికి ఆఫీసైనా ఇల్లైనా ఒకటే కదా. పగలంతా టైపు కొట్టి, సాయంత్రం పిండి కలిపి, బట్టలు పిండితే పట్టీ ఏం చేస్తుంది? ఉపసంఘం నుంచి ఇద్దరం వాళ్లింటికి వెళ్లి అత్తగారితో, ఆయనతో కూర్చుని మాట్లాడాం. అత్తగారు మనిషి మంచిదే, ఆవిడా మన సభ్యురాలే. "కూర్చుని చేసే పనిలో నొప్పేంటో అనుకున్నాను" అన్నారు. ఇప్పుడు దుప్పట్లు ఆయన పిండుతున్నాడు. రాత్రి మెలకువలు తగ్గాయి. వేళ్ల తిమ్మిరి పూర్తిగా పోలేదు, ఆసుపత్రికి ఇంకా తిరుగుతోంది. సంక్రాంతి వెళ్లి నెలలైంది, చెల్లి మానెయ్యలేదు.

మీలో ఎవరికైనా రాత్రి తిమ్మిరితో మెలకువ వస్తున్నా, చేతిలోంచి గ్లాసులు జారుతున్నా, బొటనవేలి కింద కండ పల్చబడుతున్నట్టున్నా బామ్ రాసుకుని ఊరుకోవద్దు. మణికట్టు విరిపించుకోవద్దు. డాక్టరుకు చూపించండి. నరం ఎక్కువకాలం నలిగితే బలం తిరిగి రావడం కష్టమని చెప్పారు.

ఖర్చు. బల్ల కోతకు 400 రూపాయలు. వేరే కీబోర్డు, మౌసు కలిపి 900. ఎత్తు మార్చుకునే కుర్చీ 4,500. మొత్తం 5,800. దిండు, పీట, చీర, వ్యాసపీఠం ఇళ్ల నుంచి వచ్చాయి. కుర్చీ కొనేటప్పుడు షాపులోనే టేపు పెట్టి కొలవండి. చాలా కుర్చీలు ఎంత దించినా 17, 18 అంగుళాల దగ్గర ఆగిపోతాయి. చక్రాల కుర్చీలో కొంగు చిక్కుకుంటుంది, నున్నటి గచ్చు మీద జారుతుంది కూడా. మేము చక్రాలు తీయించి రబ్బరు బుడిపెలు వేయించాం.

సభ ముందు మా ఉపసంఘం మూడు తీర్మానాలు పెడుతోంది. వచ్చే ఏడాది బడ్జెట్లో కంప్యూటర్ గది సరంజామాకు ఒక పద్దు ఉండాలి. కంప్యూటర్ ఉన్న ప్రతి గ్రామ సంఘం పనిచేసే మనిషి కొలతలు తీసి, రిజిస్టర్లో రాసి, మనిషి మారినప్పుడల్లా మళ్లీ తీయాలి. పుస్తకాల తేదీల పట్టిక అన్ని సంఘాలకూ వర్తించాలి. నాట్ల మాట అడిగిన పెద్దక్క మూడో తీర్మానాన్ని తానే బలపరుస్తానంది, కాబట్టి మేము ఇక దాని గురించి మాట్లాడం.

కుట్టుమిషన్ అక్కలు మాకూ చెప్పండని అడిగారు. మిషన్‌కీ లెక్క ఇదే, మోచెయ్యి, మోకాలు, చూపు. కానీ తొక్కే మిషన్ వేరు, మోటారు మిషన్ వేరు, విడిగా కూర్చుని చూడాలి. భోజనాలయ్యాక మేము ముగ్గురం టేపు, కాగితాలు పట్టుకుని హాలు వెనక వేపచెట్టు కింద ఉంటాం. సచివాలయాల్లో, మీసేవల్లో పనిచేసే ఆడపిల్లలుంటే వాళ్ల అమ్మలు కొలత తీసే పద్ధతి రాసుకుని వెళ్లండి. వీవోఏలు ముందు రండి, మీకు బస్సుంది.